మొదటి ప్రూఫు చదివినవాడు

ఎడిటరు గది తలుపు తెరవగానే డిటెక్టివు తుమ్మాడు. ఒక తుమ్ముతో వదలలేదు, వరసబెట్టి తుమ్మాడు. కాగితాల దుమ్ము పడని మనిషి పత్రికాఫీసు కేసు ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలియాలి. జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గుమ్మంలోనే నిలబడి లోపలంతా ఓసారి చూసి వెనక్కి తిరిగాడు.

"రామ్మా, నీకు అలవాటైన గది కదా. ఏది ఎక్కడుండాలో, ఏది అక్కడ లేదో నువ్వే చెప్పాలి."

వెనక నిలబడ్డది పిట్ట. "నీటిదారి" మాసపత్రికలో సబ్ ఎడిటరు. మనిషి సన్నం, గొంతు సన్నం. అందుకే ఆఫీసు ఆమెకు ఆ పేరు పెట్టింది. నిన్న సాయంత్రం ఇదే గదిలో ఎవరో వెనక నుంచి ఎడిటరు తల మీద ఇనప పేపర్‌వెయిట్‌తో కొట్టారు. ఆయన ఇంకా ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పోలీసుల మీద నమ్మకం చాలక ఆయన భార్య ఈ తుమ్ముల డిటెక్టివును పిలిపించింది.

పిట్ట గుమ్మం దగ్గరే ఆగింది. నేల మీద మరక ఇంకా కడగలేదు. ఆమె చూపు అటు వెళ్ళకుండా గోడ పట్టుకుని లోపలికి వచ్చింది.

"నీటిదారి" పంపులూ పైపులూ కుళాయిలూ అమ్మేవాళ్ళ పత్రిక. అలాంటి పత్రిక ఒకటుందని మామూలు జనానికి తెలియదు, తెలియనందువల్ల వాళ్ళకు పోయిందీ లేదు. పంపుల షాపు పెట్టుకున్నవాడు మాత్రం అది చేతికి రాగానే చివరి పేజీ తిప్పుతాడు. అక్కడ "విన్నారా?" అనే శీర్షిక ఉంటుంది. ఏ డీలరు ఏ కంపెనీకి నామం పెట్టబోతున్నాడు, ఏ అన్నదమ్ములు షాపు మధ్యలో గోడ కట్టుకుంటున్నారు, ఏ సేల్స్ మేనేజరు రాజీనామా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, అన్నీ అందులో ఉంటాయి. రాసేది "చెవులపిల్లి". ఆ చెవులపిల్లి ఎవరో తెలిస్తే చెవులు కోసి చేతిలో పెట్టడానికి సగం మంది వ్యాపారులు సిద్ధంగా ఉన్నారు.

ఆ చెవులపిల్లి పిట్టే. కబుర్లు పోస్టులో వస్తాయని ఎడిటరు అందరికీ చెప్పేవాడు. ఈ రహస్యం తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయనకేమైనా అయితే తన తరఫున నోరు విప్పేవాడు ఉండడు. నిన్నటి నుంచీ పిట్టకు ముద్ద దిగకపోవడానికి అదొక కారణం. ఆయనంటే ఆమెకు తండ్రి మీదున్నంత గౌరవం ఉండడం రెండో కారణం.

"డబ్బు పోయిందా?" అన్నాడు డిటెక్టివు.

"లేదండీ. సొరుగులో కవరు అలాగే ఉంది. బీరువా తాళం కూడా ఎవరూ ముట్టుకోలేదు."

"మరి అది?"

ఆయన కిటికీ పక్కనున్న అర చూపించాడు. ఎడిటరు డీలర్లతో మాట్లాడినప్పుడల్లా రికార్డు చేసుకున్న క్యాసెట్లు అక్కడ పేరుపేరునా సర్ది ఉండేవి. ఇప్పుడు ఒక్క క్యాసెట్టూ పెట్టెలో లేదు. అన్నీ తీసి, చూసి, పక్కన పారేశారు. సినిమా పాటలవి కూడా వదల్లేదు. టేప్ రికార్డరు నోరు తెరుచుకుని ఉంది. దాని వెనక బ్యాటరీల మూత కూడా ఊడదీశారు.

"ఈ దొంగకి పాటలంటే మహా పిచ్చిలా ఉంది," అన్నాడు డిటెక్టివు. "మనిషి రక్తం కారుతూ పక్కనే పడి ఉంటే, ఒక్కో క్యాసెట్టూ తీసి లేబుల్ చదివాడు. ఎంత నిబ్బరం!"

ఈ గది పోలీసులు మూసేశారు కాబట్టి ఆ అరను పిట్ట ఇప్పుడే చూస్తోంది. చూడగానే ఒక వాక్యం ఆమె కళ్ళ ముందుకొచ్చింది. దాన్ని రాసిన చెయ్యి ఆమెదే. వెంటనే మొహం అటునుంచి తిప్పుకుంది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఏమయ్యా తుమ్ముల దొరా! నా గదిలో నీకేం పని?"

"గది ఎడిటరు గారిది సార్. ఆయన భార్య రమ్మంది, వచ్చాను."

"వచ్చావుగా, చూశావుగా, ఇక దయచెయ్యి. కేసు అయిపోయింది." ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పడేశాడు. "ఆ చెవులపిల్లి ఎవడో పట్టుకుంటే చాలు. ఊరందరి గుట్టూ పట్టుకుని బతికే వెధవ. ఎడిటరుతో ఎక్కడో చెడింది. పైకొచ్చాడు, కొట్టాడు, పోయాడు. వాడి వేలు ఒకటి నా చేతికి దొరికితే మిగతాది నేను రాబడతాను."

రాబడతాను అన్నప్పుడు ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకోవడం పిట్ట చూసింది.

"చెవులపిల్లి కొట్టిందనుకుందాం," అన్నాడు డిటెక్టివు. "మరి క్యాసెట్లు ఎందుకు వెతికింది?"

"కంగారులో ఏదో లాగుంటాడు."

"కంగారుపడ్డవాడు అర మొత్తం కింద పడేస్తాడు సార్. ఒక్కోటీ తెరిచి చూడడు. వీడికి కావలసింది దొరకలేదు. దొరకనివాడు మళ్ళీ వస్తాడు. ఆస్పత్రిలో ఒక కానిస్టేబుల్ని కూర్చోబెట్టండి, మీకు పుణ్యం ఉంటుంది."

"నాకు నేర్పకు. ఉన్న మనుషులు ట్రాఫిక్‌కే చాలడం లేదు. అక్కడ వీళ్ళ ప్రకటనల మేనేజరు నిన్నటి నుంచి కదలకుండా కూర్చునే ఉన్నాడు. కానిస్టేబుల్ కన్నా నయం."

"ఎడిటరుని మొదట చూసింది ఆయనే కదూ?"

"చూసి, కేకలు పెట్టి, ఒక్కడే భుజాన వేసుకుని మెట్లు దింపాడు. ఆ రక్తపు చొక్కా కూడా ఇంకా మార్చుకోలేదు. మనిషంటే అలా ఉండాలి."

"మా బాబాయండీ," అంది పిట్ట. అంత భయంలోనూ ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కాస్త బలం వచ్చింది. ఆమె తండ్రి తమ్ముడాయన. తండ్రి పోయాక చదివించిందీ, ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. డిటెక్టివు ఆమె వంక చూశాడు.

ఇంతలో పత్రిక ప్రొప్రయిటరు ఆయాసపడుతూ పైకొచ్చాడు. ఈమధ్య ఆయన ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న ఎదురవుతోంది. రంగుల వ్యాపారుల పత్రికనీ, కలప వాళ్ళ పత్రికనీ ఒక పెద్ద కంపెనీ కొనేసింది. కొన్న వారంలోనే అందులో పనిచేసేవాళ్ళందరినీ వీధిన పడేసింది. తరువాతి వంతు "నీటిదారి"దే అని ఊరు కోడై కూస్తోంది. లేదు లేదని చెప్పీ చెప్పీ ఆయన గొంతు పోయింది.

"చెవులపిల్లి దొరికాడా ఇన్‌స్పెక్టరు గారూ? ముందు నాకప్పగించండి వాణ్ణి! నా గుండెకి కోత పడబోతోందని రాస్తాడా! మొన్ననే పరీక్ష చేయించుకున్నాను, గుండె రాయిలా ఉందన్నాడు డాక్టరు. ఇది మా ఆవిడ చదివితే ఇల్లు నెత్తిన పెట్టుకుంటుంది."

డిటెక్టివు చటుక్కున తలెత్తాడు. "ఈ నెల సంచిక ఇంకా అచ్చుకాలేదు కదండీ. మీరెప్పుడు చదివారు?"

"మొదటి ప్రూఫు ప్రతి నెలా నాకు వస్తుంది. నిన్న మధ్యాహ్నం ఎడిటరే స్వయంగా ఇచ్చాడు. కొట్టెయ్యమని చెబుదామనుకుంటే సాయంత్రం డీలర్ల విందు పడింది. అక్కడ వేదిక మీద కూర్చునుండగానే ఈ కబురు."

"మీకు కాక ఇంకెవరికి ఇస్తారు?"

"మార్జిన్లు చూసుకోవడానికి ప్రెస్సు ఫోర్‌మన్‌కి ఒకటి. ఆ పేజీలో కింది సగం ప్రకటన కాబట్టి మేనేజరుకి ఒకటి. అంతే."

"అమ్మకం సంగతి నిజమేనా?"

"ఎవరు చెప్పారు? అమ్మేదీ లేదు, గిమ్మేదీ లేదు," అన్నాడు ప్రొప్రయిటరు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఫోర్‌మన్ అన్న మాట చెవిన పడగానే ఇన్‌స్పెక్టరు మెట్ల దగ్గరికెళ్ళి కేకేశాడు. కానిస్టేబుల్ ఫోర్‌మన్‌ని రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. చేతుల నిండా సిరా, నెత్తిన అట్టముక్కలాంటి జుట్టు. పిట్ట ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తుంది. ఇన్‌స్పెక్టరు సంచి తెరవమంటే ఆయన తెరిచి చూపించాడు. అన్నం గిన్నె కింద మడతపెట్టిన ప్రూఫు బయటపడింది.

"ఇదెందుకు దాచావ్?"

"దాచలేదు సార్. మెషిను అమ్మేస్తున్నారని ఉందందులో. వచ్చే నెల నుంచి పత్రిక బయట ప్రెస్సులో వేయిస్తారట. ఎడిటరు గారిని అడుగుదామని పెట్టుకున్నాను."

"నా మెషిను నేను అమ్మడమేమిటి? ఎవరు కూశారా కూత?" ప్రొప్రయిటరు ఎగిరిపడ్డాడు.

"అడిగావా?" అన్నాడు డిటెక్టివు, ప్రొప్రయిటరుని పట్టించుకోకుండా.

"పైకొచ్చానండీ. కింద పత్రిక అట్ట అచ్చవుతోంది, మెషిను చప్పుడులో ఏమీ వినపడదు. తలుపు దాకా వస్తేగానీ తెలియలేదు. లోపల గడియ వేసుంది. ఏవో టపటపా పడేస్తున్న చప్పుడు. సారు కోపంలో ఉన్నారనుకుని దిగి వెళ్ళిపోయాను. అప్పుడే తలుపు బద్దలుకొట్టి ఉంటే..."

ఇన్‌స్పెక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కథ బాగుంది. అచ్చుకాని పేజీ నీ సంచిలో ఉంది. దెబ్బ తగిలిన వేళకి తలుపు దగ్గర ఉన్నానని నువ్వే ఒప్పుకున్నావు. పైగా ఉద్యోగం పోతోందని కడుపుమంట. పద, చెవులపిల్లీ!"

"నేనా? నాకు రెండు ముక్కలు రాయడం కూడా రాదు సార్!"

"స్టేషన్లో నేర్పిస్తాలే."

"తప్పు చేస్తున్నారు సార్," అన్నాడు డిటెక్టివు. ఈసారి గొంతులో వెటకారం లేదు. "వీడు మెషిను కోసం వచ్చుంటే క్యాసెట్లతో పనేముంది? అసలువాడు మీ పక్కనే తిరుగుతుంటాడు. మీరు ఈ పెద్దమనిషిని జీపెక్కించి ఊరేగిస్తారు."

"పోయినసారి నగల కేసులోనూ ఇలాగే అన్నావు."

"పోయినసారి నేనే గెలిచాను."

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది. ఇంకో మాట లేకుండా ఫోర్‌మన్‌ని తోసుకుంటూ దిగిపోయాడు. ప్రొప్రయిటరు లబలబలాడుతూ వాళ్ళ వెనకే వెళ్ళాడు. ఫోర్‌మన్ మెట్ల మలుపులో ఒక్కసారి పిట్ట వంక చూశాడు. కింద జీపు కదిలిన చప్పుడయింది.

డిటెక్టివు తలుపు దగ్గరగా వేసి, విరిగిన కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాడు.

"ఇక చెప్పమ్మా."

"ఏం చెప్పాలండీ?"

"గదిలోకి వచ్చాక ఒక్కసారి ఆ అర చూశావు. తరువాత గది మొత్తం చూశావు గానీ అటు తిరగలేదు. నేల మీద మరక కన్నా క్యాసెట్లు నిన్నెక్కువ భయపెట్టాయి. ఎందుకని?"

చెబితే పిట్ట ఇన్‌స్పెక్టరు చేతిలో పడుతుంది. అతను వదిలినా వ్యాపారులు వదలరు. చెప్పకపోతే సిరా చేతుల అన్నయ్య ఇవాళంతా దెబ్బలు తింటాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పేసింది.

"చెవులపిల్లిని నేనండీ."

డిటెక్టివు తుమ్మబోయి ఆగిపోయాడు. "నువ్వా? పోయినేడు మా బావమరిది పైపుల షాపు గురించి రాసింది నువ్వేనా?"

"క్షమించండి."

"క్షమించడమేమిటి, నిజమే రాశావు. తరువాత?"

"పోయిన రెండు సంచికల్లోనూ మన కబుర్లు మనకన్నా ముందే పోటీ పత్రికలో వచ్చేశాయి. లోపలివాళ్ళే ఎవరో మోస్తున్నారని సారుకి అనుమానం వచ్చింది. అందుకని ఈ నెల మూడు ప్రూఫులూ మూడు రకాలుగా తీశాం. పేజీ అంతా ఒకటే, ఒక్క కబురు మాత్రం వేరు. ఆ మూడూ అబద్ధాలే, నేనే అల్లాను. రెండో ప్రూఫుకల్లా తీసేస్తాం. పోటీ పత్రికలో ఏ అబద్ధం వస్తే, ఆ ప్రూఫు చదివినవాడే దొంగ."

"ఏ ప్రూఫు ఎవరికిచ్చారు?"

"నాకు తెలియదండీ. సారే పంచారు. నీ మొహం అద్దం, నీకు చెబితే అందరికీ తెలిసిపోతుంది అన్నారు."

"ఆ మూడు అబద్ధాలూ చెప్పు."

పిట్ట కన్నీళ్ళు తుడుచుకుంది. "ప్రొప్రయిటరు గారి గుండెకి ఆపరేషను. అదొకటి. మెషిను అమ్మకం ఒకటి. మూడోది..." ఆమె క్యాసెట్ల అర వైపు చూసింది. మళ్ళీ మొదలుపెట్టింది. "మూడోది ఇలా రాశాను. 'పత్రికల బేరం సాగిన హోటలు గదిలో బల్ల కింద ఓ టేప్ రికార్డరు కూడా కూర్చుందట. మనవాళ్ళలో ఎవరు ఎంత పుచ్చుకుని ఎవరిని అమ్మేశారో అది పూసగుచ్చినట్టు చెబుతుందట. ప్రస్తుతం మన ఎడిటరు గారి అరలో విశ్రాంతి తీసుకుంటోందట. విన్నారా?' అలాంటి టేపే లేదండీ! నవ్వు కోసం రాశాను. సారు కూడా నవ్వారు. నిజంగానే ఎవరో ఆ గదిలో కూర్చుని ఉంటారని నాకేం తెలుసు?"

కింద మెషిను ఆగిపోయింది. లేని టేపు కోసం ఒకడు మనిషి తల పగలగొట్టాడు. ఆ లేనిదాన్ని పుట్టించింది తను.

"గుండె సంగతి ఎవరు చదివారు?" అన్నాడు డిటెక్టివు నెమ్మదిగా. ఆయనకు జవాబు తెలిసిపోయింది. అయినా ఆమె నోటితోనే రావాలని ఆగాడు.

"ప్రొప్రయిటరు గారు."

"మెషిను సంగతి?"

"ఫోర్‌మన్ అన్నయ్య..."

మిగిలింది ఒక్క ప్రూఫు, ఒక్క మనిషి. పరీక్షల రోజుల్లో హాలు బయట ఎండలో గొడుగు వేసుకుని ఆమె కోసం నిలబడ్డ మనిషి. జ్వరం వస్తే ఒళ్ళో తల పెట్టుకుని తెల్లవార్లూ మేలుకున్న మనిషి. చొక్కాకి రక్తం ఎలా అంటిందని ఎవరూ అడగలేదు. మోసుకెళ్ళాడు కాబట్టి అంటిందనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుని పొద్దున్న ఆ చొక్కా పట్టుకునే ఏడ్చింది. ఇప్పుడు బల్ల అంచు పట్టుకుంది.

"కాదండీ. మా బాబాయి అలాంటివాడు కాదు."

"కాకపోతే నాకూ సంతోషమే. ముందు ఆస్పత్రికి..."

ఆయన మాట పూర్తికాకుండానే ఎడిటరు బల్ల మీద ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. డిటెక్టివు తీయమని సైగ చేసి, రిసీవరు దగ్గర చెవి పెట్టాడు.

"హలో."

"పిట్టా, నువ్వేనా తల్లీ? మంచిదయింది. సారు కళ్ళు తెరిచారమ్మా."

ఎంత ఆప్యాయమైన గొంతు! నిన్నటిదాకా ఆ గొంతు వింటే ఆమెకు ధైర్యం వచ్చేది.

"మాట్లాడారా బాబాయ్?"

"ఇంకా లేదు. నా వంకే చూస్తున్నారు. పెదాలు కదుపుతున్నారు. పాపం ఆవిడ రాత్రంతా మేలుకునుందని ఇంటికి పంపించాను. నర్సమ్మని మందులకి పంపించాను. గదిలో మేమిద్దరమే ఉన్నాం."

పిట్ట డిటెక్టివు వంక చూసింది. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది.

"ఒక మాటమ్మా," అన్నాడు బాబాయి. "సారు దగ్గర ఏదో టేపు ఉండేదట. పోలీసులకి దొరికిందా?"

ఆ మాటతో ఆమెకు మిగిలిన కాస్త ఆశా పోయింది. ఏడవడానికి వ్యవధి లేదు. టేపు లేదంటే, ఆయనకు ఇక భయపడాల్సింది ఎడిటరు నోరొక్కటే. ఆ నోరు ఆయన చేతికి అందేంత దూరంలో ఉంది. పోలీసులకి దొరికిందంటే ఇక తెగిస్తాడు. ఆ గదిలోంచి ఆయన్ని బయటికి లాగగలిగే జవాబు ఒక్కటే ఉంది. డిటెక్టివు వద్దని తల ఊపుతూనే ఉన్నాడు. పిట్ట కళ్ళు మూసుకుంది.

"పోలీసులకి దొరకలేదు బాబాయ్. నా దగ్గరుంది."

అవతల ఊపిరి మాత్రం వినిపించింది.

"విన్నావా?"

"విన్నాను."

"అంతా?"

"అంతా విన్నాను. ఎవరికీ చెప్పలేదు. ముందు నీతో మాట్లాడదామని కూర్చున్నాను. నువ్వు రా బాబాయ్. ఆఫీసులో ఎవరూ లేరు, ఎడిటరు గదిలోనే ఉన్నాను."

"మంచి పని చేశావు తల్లీ. అక్కడే ఉండు. వస్తున్నాను."

ఫోను పెట్టేసిన చప్పుడు. డిటెక్టివు రిసీవరు లాక్కుని ఆస్పత్రికి చేశాడు. ఎడిటరు గదిలోకి డాక్టరుని పంపమనీ, వేరే ఎవర్నీ అడుగు పెట్టనివ్వద్దనీ గొంతు చించుకుని చెప్పాడు. వెంటనే పోలీసు స్టేషనుకి చేశాడు. ఇన్‌స్పెక్టరు గారి జీపు ఇంకా రాలేదన్నారు.

"ఆస్పత్రి ఎంత దూరమమ్మా?"

"ఈ వీధి చివరే," అంది పిట్ట.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. వీధి చివర మనిషి అప్పటికే కనిపిస్తున్నాడు. ఎండలో ఆ చొక్కా మీద మరక గోధుమరంగుగా ఎండిపోయి ఉంది. ఆయన పరుగెత్తడం లేదు, మామూలుగా నడిచి వస్తున్నాడు. షాపులవాళ్ళు గౌరవంగా పక్కకి తప్పుకుంటున్నారు. ఒకాయన చేతులు జోడించాడు కూడా. ప్రెస్సు గేటు దగ్గరికొచ్చి ఆయన తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఆమెను చూసి, రోజూ ఊపినట్టే చెయ్యి ఊపాడు.

ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ పిట్ట చెయ్యి కూడా పైకి లేచింది.